భక్త రామదాసుగారి తారకనామ దీక్ష



ఈ యేఁటి మన మహాసభ అలియాబాదునందు జరుగనున్నదనియు, సంచికకొఱకు మన శాఖలోని పూర్వపురుషులలో నొకరి చరిత్రమును వ్రాసి పంపవలసినదనియు కార్యదర్శిగారు మాకుఁ దెలియఁజేసిరి. మనలో మంత్రులైనవారు కలరు, కవులు కలరు, అన్నదాతలు కలరు. అయినను అలియాబాదు పేరు వినఁగానే మా మనస్సు గోలకొండ దిక్కునకుఁ బోయినది. కరీంనగరపు బాటను పట్టుకొని, శామీరుపేట మీఁదుగా నగరమునకు వచ్చి, పడమటికిఁ దిరిగినచో రెండు మూఁడు గంటలలో ఆ దుర్గద్వారము చేరవచ్చును. లోపల బారాదరికి ఎక్కు మెట్లత్రోవలో నొక చీఁకటికొట్టు కలదు. దానిని రామదాసు బందిఖానా యందురు. గోడమీఁద సీతారామలక్ష్మణుల రూపములును, ఆంజనేయుని రూపమును చెక్కఁబడియున్నవి. పైనుండి దిగు కొంచెపు వెలుఁగే అచ్చటి వెలుఁగు. ఎండలో నవ్వుచు, కేకలు వేయుచు ఎక్కివచ్చిన యాత్రికులు ఆ గడప దాఁటఁగానే గొంతు తగ్గించుట మేము పలుమాఱులు చూచితిమి.

ఆ కొట్టులో నుండినవారు మనవారు. మనవారనుటలో గర్వ మెంత యుండవలెను, సంకోచ మెంత యుండవలెను అను ప్రశ్నయే మాచేత ఈ నాలుగు పుటలను వ్రాయించినది.

కంచెర్ల గోపన్నగారు 17వ శతాబ్దియందు నేలకొండపల్లిలో జన్మించిరి. ఆ గ్రామము నేఁడు ఖమ్మము జిల్లాలో నున్నది. తండ్రి లింగన్నమంత్రి, తల్లి కామాంబ. ఇంటిపేరును, తండ్రిపేరును, అత్రిగోత్రమును దాశరథీశతకము చివర వారే చెప్పుకొనియున్నారు గనుక ఈ విషయమున వాదమునకుఁ దావు లేదు. గోలకొండ సుల్తానగు అబుల్ హసన్ కుతుబ్ షా కొలువున రాజ్యభారమంతయు వహించిన అక్కన్న మాదన్నలు వారికి మేనమామలని ప్రసిద్ధి. ఆ సుల్తానునే మన జనులు తానాషా యందురు.

నియోగి యనఁగా కార్యమునందు నియుక్తుఁడు. మన పెద్దలు యజ్ఞశాలనుగాక కచేరిని నమ్ముకొని బ్రతికిరి. గ్రామమున కరణికము, ఈ తెలంగాణ దేశమున పట్వారీగిరి, అంతకుఁ బైన దివానుల కొలువు, ఇవియే మన వృత్తులు. ఏ పొలమున కెంత శిస్తు, ఏ రైతు వద్ద నెంత బాకీ, ఏ నెలలో నెంత జమ యను లెక్కయే మన నిత్యపారాయణము. గోపన్నగారును ఆ చెట్టు కొమ్మయే. అట్టి చేతిలోనికి జపమాల యెట్లు వచ్చెనో చూడవలసియున్నది.

జనశ్రుతి యిట్లున్నది. కబీరుదా సను ముసల్మాను ఫకీరు రామనామమును పాడుకొనుచు దేశసంచారము చేయుచు వచ్చెను. భద్రాద్రిలో అర్చకులు ఆయనను గుడిలోనికి రానీయలేదు. ఆయన వెనుకకుఁ దిరిగినంతనే గర్భాలయమున మూర్తులు కానరాకపోయెను. ఆయనను మరల పిలుచుకొని వచ్చినపిమ్మటనే కానవచ్చెను. అది చూచిన గోపన్నగారు ఫకీరు పాదములపైఁ బడి, తారకమంత్రోపదేశమును పొందిరి. ఉపదేశము జరిగిన స్థలమునుగూర్చియు, కాలమునుగూర్చియు కథలు భేదించుచున్నవి గాని ఫకీరు మాత్రము అన్ని కథలయందును ఫకీరే.

చరిత్రదృష్టితో చూచినచో నొక చిక్కు కలదు. కాశీలో రామానందుని శిష్యుఁడని ప్రసిద్ధిఁ గాంచిన కబీరు 15వ శతాబ్దివాఁడు. ఆయనకును గోపన్నగారికిని నూఱేండ్లకు మించిన యెడమున్నది. కావున ఆ కబీరే స్వయముగా వచ్చి ఉపదేశించెననుట పొసఁగదు. ఆయన మార్గమువాఁడగు వేఱొక సాధువై యుండవచ్చును. గోపన్నగారికి రఘునాథభట్టరను వైష్ణవాచార్యుఁడు గురువని చెప్పు సంప్రదాయమును కలదు. భట్టరువారివలన దీక్షయు, ఫకీరువలన నామరుచియు కలిగినవని సమన్వయించువారు కొందఱు. మనలోనే మఱికొందఱు ఫకీరు కథను మెల్లగా జాఱవిడిచి, భట్టరువారిని మాత్రమే చెప్పుట మేము విన్నాము. అది మాకు నచ్చలేదు. కాలము సరిపడలేదని విడిచినచో అభ్యంతరము లేదు. జాతి సరిపడలేదని విడిచినచో మాత్రము ఒక్క మాట చెప్పవలసియున్నది. మన ముత్తవ్వలు మడికట్టుకొని, మనకంటె గట్టిగా ఆచారమును పాటించినవారు. వారే ఆ ఫకీరును కథనుండి తొలఁగింపలేదు. తమ యింటి భక్తునికి మంత్రమిచ్చినవాఁడు తురక యని పిల్లలకుఁ జెప్పుటకు వారు జంకలేదు.

తారకమనఁగా దాఁటించునది. ఓడ యెక్కినవాని కులగోత్రముల నడుగని ఓడ యది. తక్కిన మంత్రములకు ఉపదేశము, అంగన్యాస కరన్యాసములు, దిక్కు, ఆసనము, నియమము కావలెను. నామమున కవి లేకున్నను చెల్లును. అష్టాక్షరియందలి రాకారమును, పంచాక్షరియందలి మకారమును కలిసి రామనామమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ జీవాక్షరములు తీసివేసినచో నారాయణ శబ్దమును, నమశ్శివాయ యను మంత్రమును అర్థహీనములగునఁట. శివకేశవు లిరువురును ఆ రెండక్షరములలో నొదిగియున్నారు. దీనికి దృష్టాంతము అలియాబాదువారికి దూరముగా వెదుక నక్కఱలేదు. సమీపముననున్న కీసరగుట్టమీఁది శివుఁడు రామలింగేశ్వరుఁడు. రాముఁడు ప్రతిష్ఠించిన లింగమని స్థలపురాణము. కాశిలో మరణించువాని చెవిలో శివుఁడే తారకము నూఁదునని నమ్మికయు ఇట్టిదే.

మనుస్మృతియందు జపమునకు మెట్లు చెప్పఁబడినవి. విధియజ్ఞముకంటె జపయజ్ఞము పదిరెట్లు, ఇతరులకు వినఁబడని ఉపాంశుజపము నూఱురెట్లు, మానసజపము వేయిరెట్లు గొప్పవి. గీతయందును భగవానుఁడు యజ్ఞములలో జపయజ్ఞము తానని చెప్పుకొనెను. ఈ క్రమముప్రకారము గోపన్నగారు ఏ మెట్టుపై నుండిరని యడిగినచో జవాబు మనకు తృప్తినీయదు. వారు క్రిందిమెట్టుననే నిలిచిరి. వారి జపము వాచికము, అందును బిగ్గఱగా చేసినది, తాళముతోఁ జేసినది, తుదకు ఏడ్చుచు, తిట్టుచు చేసినది. ఆ జపమునే మనము కీర్తనలని పాడుకొనుచున్నాము.

ఫలశ్రుతులయందు జపమువలన పాపక్షయము, ఆయురారోగ్యములు, ఐశ్వర్యము కలుగునని వ్రాసియుండును. గోపన్నగారి చరిత్రమున నామము వచ్చినపిమ్మట ఐశ్వర్యము, పదవి, శరీరసౌఖ్యము ఒక్కొక్కటిగాఁ బోయినవి. వారి యింట భాగవతులకు సంతర్పణ జరుగుచుండఁగా చిన్నకొడుకు వేఁడిగంజిలోఁ బడి మరణించెననియు, వడ్డన ముగియువఱకు తల్లి ఆ దుఃఖమును దిగమ్రింగుకొనెననియు, నామమహిమచేత బిడ్డఁడు మరల లేచెననియు హరికథలలోఁ జెప్పుదురు. బిడ్డఁడు లేచిన ఘట్టమున సభలో జేగంట మ్రోఁగును, హారతి పట్టుదురు. మాకు చిన్ననాఁటినుండియు ఆ తల్లి వడ్డించుచుండిన ఘట్టమే మనస్సున నాటుకొన్నది.

ఇఁక భద్రాద్రి సంగతి. గోపన్నగారు పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నియుక్తులైరి. గోదావరి యొడ్డున భద్రగిరి మీఁద సీతాలక్ష్మణసహితుఁడైన రాముని మూర్తులను దమ్మక్క యను కోయవనిత మొదటఁ గనుఁగొని, తాటాకుల పందిరి వేసి, అడవిలో దొరకిన పండ్లు నివేదించుచుండెనని స్థలకథ. ఆ రాముఁడు చతుర్భుజుఁడు, శంఖచక్రములు ధరించినవాఁడు, సీతమ్మను ఎడమతొడపైఁ గూర్చుండఁబెట్టుకొన్నవాఁడు. ఇట్టి రూపము రామాలయములలో నరుదు. తహశీలుదారు పన్ను వసూలునకుఁ బోయి, పందిరిక్రింది దేవునిఁ జూచి, పందిరికి బదులు ప్రాకారమును తలపోసెను. ఇచ్చటను గమనింపఁదగిన దొకటి కలదు. మంత్ర మొసఁగినవాఁడు ఫకీరు. దేవునిఁ జూపినది కోయవనిత. మన కులమువాఁడు చేసినది గుడి కట్టుట, లెక్క వ్రాయుట, చెఱకుఁ బోవుట.

ధన మెక్కడిదన్న ప్రశ్నను భక్తిగ్రంథములు త్వరగా దాఁటిపోవును. లెక్కలవారమగుటచేత మనము దాఁటిపోవుట న్యాయము కాదు. ప్రజలు చందా లిచ్చిరనియు, చాలకపోఁగా సర్కారు శిస్తునుండి వాడిరనియు, పంట చేతికివచ్చిన పిమ్మట పూడ్చవచ్చునని తలఁచిరనియు కథ. మొత్తము ఆఱు లక్షల వరహాలని ప్రసిద్ధి. ఆ కాలమున గోలకొండ రాజ్యము 1636లో షాజహానుతోఁ జేసికొన్న ఒడంబడిక ననుసరించి మొగలులకు కప్పము కట్టుచుండెను. శిస్తులో వచ్చిన లోటు ఏదో మూల నొక రైతుమీఁదనో, సిపాయి జీతముమీఁదనో పడకమానదు. కావున తానాషాను కేవలము దుర్మార్గునిగాఁ జిత్రించుట మాకు సమ్మతము కాదు. లెక్క యడుగుట ప్రభువు ధర్మము. సర్కారు సొమ్మును దేవునికైనను చెప్పకుండ వాడుట తప్పు. గోపన్నగారు ఆ తప్పు చేసిరి. మహాభక్తులు చేసిరి గనుక అది ఒప్పు కాఁజాలదు. ఈ మాటను మన సంఘపు నిధికి పాలకులై యున్నవారు కోపింపక వినఁగోరుచున్నాము. సత్రమునకు వచ్చిన చందా సత్రమునకే చెందవలెను గదా.

తానాషా 1672లో సింహాసనమెక్కి 1687లో రాజ్యమును కోల్పోయెను. గోపన్నగారి పండ్రెండేండ్ల చెఱ ఈ పదునైదేండ్లలోనే ఇమిడియుండవలెను. ఆ కాలములోనే మాదన్న 1674 ప్రాంతమునుండి రాజ్యమున ప్రధానుఁడై, అన్న అక్కన్నతోఁ గూడ సర్వాధికారము నెఱపుచుండెను. మేనమామలు దివాణములో, మేనల్లుఁడు అదే కోటలోని చీఁకటికొట్టులో! మనవా రొకరు పెద్దపదవిలో నున్నచో చాలును, అన్ని పనులును చక్కబడునని సభలలో మనము తఱచు విందుము. గోపన్నగారి విషయమున చక్కబడలేదు. మామలు విడిపింపఁజాలకపోయిరో, లేక లెక్కకు లెక్కయే యని యూరకుండిరో, నిర్ణయించుటకు మాకు ధైర్యము చాలదు. రెండవదే నిజమైనచో అదియు మన వృత్తిధర్మమునకు తగినదే.

అట్లు చుట్టము, పదవి, ధనము మూఁడును తొలఁగినపిమ్మట నోటిలో మిగిలినది రెండక్షరములు. ఆ రెండక్షరములతో పండ్రెండేండ్లు గడపుట యెట్లో వారి కీర్తనలను వరుసగాఁ జదివినవారికిఁ దెలియఁగలదు. ఒక్కొక దినము నామము తేనెకంటె, పనసతొనకంటె, చక్కెరకంటె రుచిగా నున్నది. ఒక్కొక దినము లోకమంతయు రామమయమై కానవచ్చినది. ఇంకొక దినము రాముఁడు బదులు పలుకలేదు. ఆయన మాట బంగారమంత ప్రియమైపోయినదని భక్తుఁడు వాపోయెను. ఆయన పలుకనప్పుడు సీతమ్మను పట్టుకొని, ఏకాంతముననుండఁగా నాథునితో తన మాట చెప్పుమని వేఁడుకొనెను. కచేరిలోఁ బని జరుగకపోయినప్పుడు లోఁగిలివైపునుండి అమ్మగారిచేత చెప్పించు ఉపాయము ఉద్యోగస్థులకుఁ దెలియనిది కాదు.

దెబ్బలు ఓర్వలేని దినమును ఒకటి వచ్చినది. ఆ దినపు కీర్తన మన ఆఁడువారికందఱికి కంఠస్థము. ప్రాకారమునకు పదివేల వరహాలు. భరతుని పచ్చలపతకమునకు పదివేలు. శత్రుఘ్నుని బంగారు మొలత్రాటికి, లక్ష్మణుని పతకమునకు, సీతమ్మ చింతాకు పతకమునకు వేఱువేఱుగా పదేసివేలు. ఇన్నిటిని ధరించి కులుకుచుఁ దిరుగుచున్న నీకు ఈ సొమ్ము ఎవరి తండ్రి యిచ్చెనని దేవుని నిలదీయుట. చెఱసాలలోఁ గూర్చుండి కూడ తహశీలుదారు ఖర్చుపట్టీ వ్రాసినాఁడు! మాకు చిన్నతనమున ఈ పాట విన్నప్పుడెల్ల నవ్వు వచ్చెడిది. పెద్దయైన పిమ్మట ఒక విషయము కానవచ్చినది. ఆ పట్టీలో ప్రతిపాదము చివరను రామచంద్రుని సంబోధన వచ్చుచుండును. పతకము ధర చెప్పి నామము, మొలత్రాటి ధర చెప్పి నామము. తిట్టుచున్నను పిలుపు ఆఁగలేదు. వెంటనే తెలివి తెచ్చుకొని, దెబ్బల కోర్వలేక అబ్బా యని తిట్టితిని, క్షమింపుమను భావముతో వేఁడుకొనిరి. ఆ క్షమాపణయందును మరల నామమే.

జపమువలన చిత్తము శాంతించునని చెప్పుదురు. గోపన్నగారి చిత్తము శాంతించినదని వారి కీర్తనలు సాక్ష్యమీయవు. ఆఁకలి, కోపము, అనుమానము, ఆశ ఆ కొట్టులోనికి వచ్చుచునే యుండినవి. అవి వచ్చినప్పుడెల్ల నామమును పట్టుకొని వచ్చినవి. మనస్సు కుదురుపడిన పిమ్మట నామము చెప్పుదమని వారు కాచుకొని యుండినచో పండ్రెండేండ్లలో ఒక్క కీర్తనయు పుట్టెడిది కాదు. మేము పూజకుఁ గూర్చున్నప్పుడు మనస్సు బజారునకో, కోర్టునకో పోవుట చూచి, ఈ జప మెందులకని లేచిపోయిన దినములు కలవు. అట్టివారికి ఆ ఖర్చుపట్టీ పాట ఎంత ధైర్య మిచ్చునో చెప్పఁజాలము.

ఇంకొక విశేషము. ఆభరణముల కెంతెంత పట్టినదో పాటలోఁ జెప్పిన ఈ లెక్కలవారు, తాము ఎన్ని మాఱులు నామము జపించితిమో ఒక్కచోటనైనను చెప్పలేదు. కోటియా, పదికోట్లా, ఊహించుటకైనను ఆధారము లేదు. దీనిని త్యాగరాజస్వామివారి దీక్షతోఁ బోల్చి చూడుఁడు. 1767లో తిరువారూరునందు తెలుఁగు కుటుంబమున జన్మించి, తిరువయ్యారున నివసించి, 1847లో సిద్ధిపొందిన ఆ మహనీయుఁడు 96 కోట్ల రామనామజపమును ఇరువదియొక్క సంవత్సరములలోఁ బూర్తిచేసిరని సంప్రదాయము. దినమునకు 1,25,000 చొప్పున అని చెప్పుదురు. మనము లెక్కలవారము గదా. మేము గుణించి చూచితిమి. ఇరువదియొక్క యేండ్లకు 95 కోట్ల 80 లక్షలకు పైచిలుకు వచ్చును, లెక్క సరిపోయినది. కాని క్షణమునకు రెండు నామముల వేగముతో, అనఁగా నిమిషమునకు 120 చొప్పునఁ జెప్పినను దినమునకు పదునేడు గంటలు మించును. భోజనము, ఉంఛవృత్తి, శిష్యుల పాఠము, కీర్తనరచన ఎప్పుడు జరిగెనో! నడచునప్పుడును, బిచ్చమెత్తునప్పుడును ఆ జపము లోపల సాఁగుచుండినదని గ్రహించినఁగాని ఈ లెక్క కుదురదు. ఆ త్యాగరాజస్వామియే ప్రహ్లాదభక్తివిజయమున భద్రాచల రామదాసుగారిని స్మరించిరి. దేవగాంధారి రాగమునందలి యొక కృతిలో ధీరుఁడైన రామదాసుని చెఱ విడిపించిన వార్త తాను విన్నానని రామునికి జ్ఞాపకము చేసిరి. లెక్కపెట్టి జపించినవారు లెక్కపెట్టనివారిని తలఁచుకొని ధైర్యము తెచ్చుకొనిరన్నమాట.

చెఱ యెట్లు విడిపోయెనో మన యింట నందఱు నెఱిఁగినదే. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ యను నిద్దఱు యువకులు తానాషా శయనాగారమునకు వచ్చి, ఆఱు లక్షల మాడలు కుమ్మరించి, చెల్లుచీటి వ్రాయించుకొని, దానిని నిద్రించుచున్న గోపన్నగారి తలక్రింద నుంచి పోయిరి. తెల్లవాఱి ప్రభువు పరుగున వచ్చి కాళ్లపైఁ బడెను. దర్శనము ప్రభువునకు లభించెను, పండ్రెండేండ్లు పిలిచినవారికి లభింపలేదు. మేలుకొన్నపిమ్మట వారికి మిగిలినది ఆ కాగితము. కథ చెప్పువారు ఈ వంక కొంచెము నిలువరు గాని గోపన్నగారి చరిత్రమున నింత కఠినమైన ఘట్టము మఱొకటి లేదు. దేవుఁడైనను రొక్కము చెల్లించి రసీదు పుచ్చుకొనెనను మాట మాత్రము మన కరణముల మనస్సున కెక్కినది.

తరువాతి చరిత్ర త్వరగా ముగిసినది. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండలో హతులైరి. మఱుసటియేఁడు ఔరంగజేబు కోటను పట్టుకొనెను. తానాషాను దౌలతాబాదు దుర్గమున బంధించిరి. ఆయన సుమారు పండ్రెండేండ్లు ఆ చెఱలోనే యుండి అచ్చటనే కన్నుమూసెను. బంధించినవానికిని బంధితునికిని చెఱకాలము సమానమగుట జనులు ఊరక విడువలేదు. దానిపైఁ గథ లల్లిరి. మేము ఆ కథల జోలికిఁ బోము. భద్రాద్రి రాముని కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానాషా మొదలిడెనని ప్రసిద్ధి. ఆ వంశము పోయినది, నిజాముల ప్రభుత్వము వచ్చి పోయినది. ఏఁటేఁట శ్రీరామనవమికి ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు నేఁటికిని వచ్చుచున్నవి. గోపన్నగారి వెనుక తూము నరసింహదాసుగారు, వరద రామదాసుగారు ఆ క్షేత్రసేవకు జీవితములను ధారపోసిరి. భజనమందిరములలో చిడుతలు పట్టువారిలో కాఁపులు, సాలెలు, మాలలు, మాదిగలు అందఱును గోపన్నగారి కీర్తనలను తమవిగానే పాడుదురు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కంఠమున అవి విద్వత్సభలకుఁ గూడ నెక్కినవి.

అట్టివారిని మన సంచికలో మన శాఖ పటముక్రింద వేసికొనుట న్యాయమేనా? న్యాయమే యని మా యభిప్రాయము, కాని ఆ పటములో ఫకీరును, దమ్మక్కను కూడఁ జేర్చినప్పుడు. వారిని విడిచి గోత్రము నొక్కదానిని చెప్పుకొన్నచో మనకు మిగులునది సర్కారు సొమ్ము వాడిన ఉద్యోగస్థుఁ డొకఁడు.

మా యింటి మాట యొకటి చెప్పి విరమించెదము. మా తండ్రిగారు పట్వారీగా నుండిరి. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దైనప్పుడు వారికి యేఁబదియెనిమిదేండ్లు. ఆ రద్దు మంచిదో చెడ్డదో, గ్రామములలో రెండభిప్రాయములును కలవు. అప్పగింతలు ముగించి వచ్చిన సాయంకాలము వారు చేతులు ఎక్కడ నుంచుకొనవలెనో తెలియక వాకిట నిలుచుండుట మాత్రము మాకు జ్ఞాపకమున్నది. కొన్నాళ్లకు రామకోటి వ్రాయ మొదలిడిరి. దినమునకు వేయి నామములు. పహాణీలు వ్రాసిన అక్షరములతోనే, గళ్లు గీసి, ప్రతి పుట క్రింద మొత్తము కట్టి, వెనుకటి మొత్తము కలిపి. వేయి చొప్పున కోటికి ఇరువదియేడేండ్లు దాఁటునని వారికిఁ దెలియదా? మాకంటె బాగుగనే తెలియును. మేము తొందరపడి దినమునకు రెండువేలు వ్రాయుఁడంటిమి, నవ్వి యూరకుండిరి. 1999లో వారు గతించునప్పటికి లెక్క యేఁబదినాలుగు లక్షలు దాఁటినది.

మిగిలినది మేము వ్రాసి పూర్తి చేయుదుమంటిమి. మా తల్లి ఒప్పుకొనలేదు. ఆ పుస్తకములన్నిటిని తండ్రిగారి పాఁత దస్తరము గుడ్డలోనే మూటకట్టించి, భద్రాచలము తీసికొనిపోయినది. రామకోటి పుస్తకములు తీసికొనువారు మూటను విప్పి, పుస్తకములను తక్కినవారి పుస్తకములమీఁద వరుసగాఁ బేర్చిరి. లెక్క యెంతయని అడుగలేదు. దస్తరము గుడ్డను మాత్రము మా తల్లి మడిచి, మరల ఇంటికిఁ దెచ్చినది.